ఆటు లేని పోటు

మా మేనత్తకి డెబ్బయ్యొకటో ఏట బీపీ ఉందని తేలింది. చేతికి పట్టీ చుట్టి కొలిచిన కుర్రాడు చీటీ మీద 168 బై 96 అని రాసి, "టెన్షన్లు పెట్టుకోకండి మామ్మగారూ" అన్నాడట. ఆవిడకి ఒళ్ళు మండింది. ఆ మంట ఇంటికొచ్చి నా మీద తీర్చుకుంది.

"నాకేం టెన్షన్రా? అప్పుల్లేవు. పిల్లలు స్థిరపడ్డారు. మీ మావయ్య పోయాక దెబ్బలాడ్డానికైనా మనిషి లేడు. పొద్దున లేస్తే వీధి వీధంతా అదిరేలా అరిచేవాడు మా పక్కింటి ప్రెసిడెంటు. వాడికేమో 120 బై 80 అట. ఇదెక్కడి న్యాయం?"

అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు చివరికి ఆవిడ చేతిసంచీలో దొరికింది కానీ, అక్కడిదాకా వెళ్ళాలంటే కొంత చుట్టుతిరుగుడు తప్పదు.

తప్పులో కొంత వాటా పేరుది. హైపర్‌టెన్షన్‌లో ఉన్న టెన్షన్ మన దిగులూ ఆందోళనా కాదు, బిగుతు. గొట్టంలో ఒత్తిడి పెరిగితే గొట్టం గోడ బిగుస్తుందే, ఆ బిగుతు. దాన్ని మనం "టెన్షన్ పడకు" అనేటప్పటి టెన్షన్‌తో కలిపేసుకున్నాం. అక్కణ్ణించి "నాకు బీపీ తెప్పించకు" అంటే కోపం తెప్పించకు అనే అర్థం స్థిరపడింది. దీనికన్నా మన రక్తపోటు అన్న మాటే నయం. పోటు అంటే సముద్రం పొంగడం కూడా. తీరంలో పుట్టినవాళ్ళెవరూ పోటుని రోగమనరు. రోజుకి రెండుసార్లు వస్తుంది, వచ్చినదారినే ఆటుతో వెనక్కి పోతుంది. ఒంట్లోనూ అంతే. బస్సు వెనక పరిగెత్తితే పోటు, పెళ్ళాంతో గొడవైతే పోటు, గాఢనిద్రలో ఆటు. బరువులెత్తే వస్తాదుల ధమనిలో సన్నగొట్టం పెట్టి కొలిస్తే, ఎత్తే ఆ కాసేపూ పైకొలత 300 దాటింది. వాళ్ళకేమీ కాలేదు. బరువు దించగానే అదీ దిగింది.

కాబట్టి బీపీ ఎందుకు పెరుగుతుంది అన్నది అంత గొప్ప ప్రశ్న కాదు. అందరికీ పెరుగుతుంది. కొందరికి దిగదేం? అసలు ప్రశ్న ఇదీ.

ఒత్తిడి అనేది ఊహ కాదనీ, అడుగుల్లో కొలిచి చూపించొచ్చనీ మొదట తేల్చినవాడు ఒక క్రైస్తవ మతాచార్యుడు. పేరు స్టీఫెన్ హేల్స్, ఊరు లండన్ దగ్గర టెడ్డింగ్టన్. ఒక ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టేసి, తొడ ధమనిలో ఇత్తడిగొట్టం గుచ్చి, దానికి తొమ్మిదడుగుల గాజుగొట్టం తగిలించాడు. నెత్తురు ఎనిమిది అడుగుల మూడంగుళాల ఎత్తుకి ఎగబాకి, నాడి కొట్టినప్పుడల్లా అంగుళాల లెక్కన పైకీ కిందికీ ఊగింది. 1733లో అచ్చైన ఆ వర్ణన చదువుతుంటే గుర్రం మీద జాలేస్తుంది గానీ, చేసిన పనిలో మాత్రం అనుమానానికి చోటు లేదు. ఇప్పుడు మనం చెప్పుకునే 120 మిల్లీమీటర్ల పాదరసమంటే నెత్తురుని సుమారు ఐదడుగుల ఎత్తున నిలబెట్టగల ఒత్తిడి. అంత పొడుగు గాజుగొట్టాలతో పడలేకే, నెత్తురు కన్నా పన్నెండు పదమూడు రెట్లు బరువైన పాదరసాన్ని ఆశ్రయించారు. 1896లో ఇటలీలో రివా-రోచి చేతికి చుట్టే పట్టీ తయారుచేశాడు. 1905లో రష్యాలో కొరొత్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వింటే రెండు కొలతలూ చెవికే తెలుస్తాయన్నాడు. గుర్రాలు బతికిపోయాయి.

ఒత్తిడి లెక్క పైకి చాలా సులువు. గుండె నిమిషానికి తోసే నెత్తురెంత, దారిలో అడ్డెంత, ఈ రెండింటి గుణకారమే ఒత్తిడి. గుండె నిమిషానికి ఐదు లీటర్ల దాకా తోస్తుంది. అడ్డు పెట్టేవి వెంట్రుకల్లాంటి చిన్నధమనులు. గొట్టం సన్నబడితే అడ్డు ఏ లెక్కన పెరుగుతుందో పందొమ్మిదో శతాబ్దంలో ప్వాజేయ్ అనే ఫ్రెంచి వైద్యుడు తేల్చాడు. మామూలు పెరుగుదల కాదది. వ్యాసం పదో వంతు తగ్గితే అడ్డు ఒకటిన్నర రెట్లవుతుంది. సగమైతే పదహారు రెట్లు. కాస్త బిగిస్తే చాలన్నమాట. ఆ బిగించే మీట నరాల చేతిలో ఉంది, అడ్రినలిన్ చేతిలో ఉంది, నాళాల లోపలి పొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ చేతిలోనూ ఉంది.

దాంతో అనుమానం ముందుగా నరాల మీదికి పోయింది. పోవడం సహజమే. మెడలో, గుండె పైన పెద్దధమనిలో ఒత్తిడి పసిగట్టే నరాల కొసలుంటాయి. పడుకున్నవాళ్ళు లేచి నిలబడ్డా కళ్ళు తిరిగి పడిపోకపోవడం వీటి చలవే. ఇవి పాడైతే ఒత్తిడి పెరిగిపోయి అలాగే ఉండిపోతుందని చాలాకాలం నమ్మారు. 1973లో కుక్కల్లో ఆ నరాలన్నీ కోసేసి, రాత్రీ పగలూ వదలకుండా కొలిచారు. ఒత్తిడి పిచ్చిపట్టినట్టు ఎగిసింది, పడింది. రోజంతటి సగటు తీస్తే మాత్రం పెద్ద తేడా లేదు! నరాలు కుదుపులు కాస్తాయి, మట్టం నిర్ణయించవు. పైగా ఒత్తిడి కొన్నాళ్ళు ఎక్కువగా ఉంటే ఇవి ఆ ఎక్కువకే అలవాటుపడి, దాన్నే మామూలనుకుంటాయి. రోజూ ఆలస్యంగా వచ్చే గుమాస్తాని చూసి చూసి అదే ఆఫీసు టైమనుకునే హెడ్‌గుమాస్తాలాగా.

మట్టం పెట్టేదెవరు మరి?

నడుము పైభాగాన వెన్నుకి అటూ ఇటూ చిక్కుడుగింజల్లా ఒదిగి ఉన్న జంట మీద అనుమానం పాతదే. 1836లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్, కుంచించుకుపోయిన కిడ్నీలున్న శవాల్లో గుండె ఉబ్బి ఉండటం గమనించాడు. 1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు ఒక కుందేలు కిడ్నీ నూరిన రసాన్ని ఇంకో కుందేలుకి ఎక్కిస్తే ఒత్తిడి ఎగిసింది. అందులోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. లోకం ఆ సంగతి విని మర్చిపోయింది. మళ్ళీ 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీధమనులకి వెండి బిగింపులు తొడిగి, నెత్తురు పూర్తిగా ఆగకుండా కాస్త నొక్కాడు. ఒత్తిడి పెరిగింది. పెరిగి, దిగలేదు. ఆటు లేని పోటుని మనిషి కావాలని సృష్టించగలిగాడు.

ఇదెందుకో అర్థం కావాలంటే ఒక వరిచేను తలుచుకుంటే చాలు. కాలవ నుంచి నీళ్ళు వస్తుంటాయి, మురుగుతూములోంచి పోతుంటాయి. తూము శుభ్రంగా ఉంటే చేలో చీలమండలోతు నీళ్ళున్నా వచ్చినంతా పోతుంది. తూములో పూడిక పడిందనుకోండి. వచ్చే నీరు అంతే, పోయేది తక్కువ. మట్టం లేస్తుంది. అలా ఎంతదాకా? పైనున్న నీటి బరువు తోస్తే పూడిక తూములోంచి కూడా వచ్చినంత నీరూ బయటికి పోయేదాకా. అక్కడ ఆగుతుంది. ఇప్పుడు రైతు వచ్చి చూస్తే రాకా పోకా సమానంగానే కనిపిస్తాయి. మట్టం మాత్రం మోకాలిదాకా ఉంటుంది.

మన తూములు కిడ్నీలు, నీటి స్థానంలో ఉప్పు. రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం వాటిలో వడకడుతుంది. ఆ ద్రవంలో ఉప్పే దాదాపు కిలోన్నర. అదంతా పోతే సాయంత్రానికి ప్రాణం దక్కదు. అందుకని గొట్టాల వెంట దాన్ని తిరిగి లోపలికి లాగేసుకుని, మనం ఆ రోజు తిన్నదానికి సరిపడా, ఓ పది గ్రాములు, బయటికి వదులుతాయి. ఒత్తిడి పెరిగితే ఆ వదలడం పెరుగుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఉండగా, పోటు రోజుల తరబడి నిలవడానికి వీల్లేదు. నాళాలు బిగిసి ఒత్తిడి లేచిందా, ఉప్పూ నీరూ ఎక్కువ పోతాయి, లోపలున్న ద్రవం తగ్గుతుంది, మట్టం పాతచోటికి దిగుతుంది. దిగలేదంటే అర్థం ఒక్కటే. అదే ఉప్పుని వదలడానికి ఆ కిడ్నీకి ఇప్పుడు పాత ఒత్తిడి చాలడం లేదు. పెరిగిన బీపీ అంటే కిడ్నీ ఉప్పు వదలడానికి ఒళ్ళు కడుతున్న రుసుము.

ఈ వాదాన్ని లెక్కలతో సహా నిలబెట్టినవాడు అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్థర్ గైటన్. మన వైద్యవిద్యార్థులు బస్తాలా మోసే ఫిజియాలజీ పుస్తకం ఆయనదే. సర్జన్ కావాలనుకున్న మనిషిని 1946లో పోలియో దెబ్బతీస్తే, కత్తి వదిలి సమీకరణాలు పట్టుకున్నాడు.

ఈ మాటకి నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం ఇంకోటుంది. పుట్టుకతో బీపీ వచ్చే జాతి ఎలుకల కిడ్నీని మామూలు ఎలుకకి అమరిస్తే దానికీ బీపీ వస్తుంది. కిడ్నీ ఎక్కడికి వెళితే పోటు అక్కడికి వెళుతుంది. మనుషుల్లోనూ చూశారు. బీపీ వల్ల కిడ్నీలు పూర్తిగా పోయిన ఆరుగురికి, బీపీ లేనివాళ్ళ కిడ్నీలు అమర్చారు. సగటున నాలుగున్నరేళ్ళ తరవాత కూడా వాళ్ళ కొలతలు మామూలుగానే ఉన్నాయని 1983లో ప్రకటించారు. గుండె అదే, నరాలు అవే, సంసారపు చికాకులూ అవే. మారింది తూము ఒక్కటే.

రెనిన్ కథ తరవాత చాలా పొడుగు సాగింది. అది నెత్తురులో యాంజియోటెన్సిన్ పుట్టిస్తుంది. యాంజియోటెన్సిన్ నాళాల్ని బిగిస్తుంది, కిడ్నీల నెత్తి మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల చేత ఆల్డోస్టిరాన్ విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ కిడ్నీతో "ఉప్పు వదలకు" అంటుంది. ఉప్పు దొరకని కాలంలో, నెత్తురోడే గాయాల కాలంలో ఇది ప్రాణం కాచిన ఏర్పాటు. బ్రెజిల్‌లో జరరాకా అనే పాము ఉంది, మన రక్తపింజరకి బంధువు. అది కరిస్తే బీపీ పడిపోతుంది. ఆ విషంలో యాంజియోటెన్సిన్ తయారీని అడ్డుకునే ముక్కలున్నాయని తెలిసి, వాటి పోలికలో చేసిన మందు కాప్టోప్రిల్ 1981లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ "ప్రిల్" తోకతో వచ్చే మాత్రలన్నీ ఆ పాముకి రుణపడ్డవే.

ఆల్డోస్టిరాన్ లేకుండానే అది ఉన్నట్టు కిడ్నీని మోసం చేసే వేరు ఒకటి మన ఇళ్ళలోనే ఉంది. అతిమధురం. దగ్గుకి బుగ్గన పెట్టుకుంటాం. రెండ్రోజులు చప్పరిస్తే ఏమీ కాదు. నెలల తరబడి రోజూ వాడితే ఉప్పు నిలిచి, పొటాషియం పోయి, బీపీ లేస్తుంది. "వేరే కదా, ఏం చేస్తుంది" అనేవాళ్ళకి ఇది చెప్పాలనిపిస్తుంది.

ఇక ఉప్పు. 1940లలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే జర్మన్ వైద్యుడు, బీపీ ముదిరి ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి పెట్టిన పథ్యం ఏమిటో ఊహించండి. తెల్లన్నం! అన్నం, పళ్ళు, పళ్ళరసం, పంచదార, అంతే. రోజంతటికీ ఉప్పు అర గ్రాము లోపు. మందులే సరిగ్గా లేని రోజుల్లో చాలామందికి కొలతలు దిగాయి, ఉబ్బిన గుండెలు ఎక్స్‌రేలో చిన్నవయ్యాయి, కంటిపొరలో నెత్తుటి మరకలు చెరిగాయి. మనమూ అన్నమే తింటున్నాం కదా అనకండి. ఆయన అన్నంలోకి ఆవకాయ లేదు. అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప, మజ్జిగలో చిటికెడు, ఏవీ లేవు. మా అత్త "కూరల్లో ఉప్పు తగ్గించేశాన్రా" అంటూనే ఆ చప్పిడికూర దిగడానికి గోంగూర పచ్చడి రెండు ముద్దలు ఎక్కువ వేసుకునేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాములు. మనం దానికి దాదాపు రెట్టింపు తింటున్నాం.

1988లో 32 దేశాల్లో పదివేలమంది ఉప్పునీ ఒత్తిడినీ ఒకే పద్ధతిలో కొలిచిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం వెలువడింది. అందులో బ్రెజిల్ అడవుల యానోమామీలు వింతగా కనిపిస్తారు. బయటి ఉప్పు వాళ్ళకి తెలియదు. సగటు పైకొలత వందకి లోపే. వయసుతోపాటు పెరగడం అనేదే లేదు. వయసొస్తే బీపీ వస్తుందన్నది మనం ప్రకృతి ధర్మమనుకున్నాం గానీ, అది మన వంటింటి ధర్మం కూడా. వాళ్ళు సన్నగా ఉంటారు, రోజంతా తిరుగుతారు, సారా తాగరు. కాబట్టి మొత్తం ఘనత ఉప్పులేనితనానికే కట్టబెట్టడం న్యాయం కాదు.

అలాగే టెన్షన్‌ని పూర్తిగా నిర్దోషిగా వదిలేయడమూ న్యాయం కాదు. ఇటలీలో లోకానికి దూరంగా మఠంలో ఉండే 144 మంది సన్యాసినుల్ని, దగ్గర్లోని మామూలు ఆడవాళ్ళనీ ఇరవయ్యేళ్ళు వెంటాడి కొలిచారు. ఉప్పు ఇద్దరూ ఒకలాగే తిన్నారు. సంసారిణులకి వయసుతో బీపీ పెరిగింది, సన్యాసినులకి పెరగలేదు. నేను ఇంతసేపూ కట్టిన వాదానికి ఇది గట్టి దెబ్బే. కొంత సర్దుబాటు మాత్రం ఉంది. ఆందోళనని మోసుకెళ్ళే నరాల కొసలు కిడ్నీల్లో కూడా ఉన్నాయి. అవి మోగితే రెనిన్ ఊరుతుంది, ఉప్పు నిలుస్తుంది. అంటే ఏళ్ళ తరబడి సాగే చికాకు కూడా చివరికి ఆ తూము దగ్గరే పనిచేయగలదు. వీధిలో అరిచి, అరుపుతోపాటే మర్చిపోయే ప్రెసిడెంటు కోపం వేరు. ఎవరికీ చెప్పకుండా మింగే బెంగ వేరు.

తూముకి పూడిక ఎందుకు పడుతుంది? నూటికి తొంభైమందికి పైగా ఇదీ అని ఒక్క కారణం దొరకదు. వైద్యులు దీన్నే ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్ అంటారు. 1911లో జర్మన్‌లో పుట్టిన ఈ పేరుకి తనంతట తాను వచ్చినది అని భావం. ఇంగ్లీషులో చదివేసరికి అవసరమైనది అని ధ్వనించింది. గట్టిపడ్డ నాళాల్లోంచి నెత్తురు పోవాలంటే ఆ ఒత్తిడి ఉండాల్సిందే, తగ్గించకూడదు అని నమ్మిన పెద్ద వైద్యులు ఒక తరమంతా ఉన్నారు. వాళ్ళ కాలంలోనే అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి పోయాడు. ఆ రోజు ఆయన బీపీ 300 బై 190.

అసలు ఇది రోగమేనా అని 1950లలో ఇంగ్లండులో ఇద్దరు వైద్యులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని రెండు జాతులున్నాయని ప్లాట్. కాదు, ఇది మనుషుల పొడుగులాంటిది, పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ మధ్య గీత మనం గీసుకున్నదేనని పికరింగ్. పికరింగే గెలిచాడు. ఇప్పటికి తొమ్మిదివందలకి పైగా చోట్ల జన్యువుల్లో చిన్నచిన్న తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి కదిపేది మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ ఒకే జన్యువు చెడి చిన్నప్పుడే బీపీ దూసుకొచ్చే అరుదైన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. యేల్‌లో రిచర్డ్ లిఫ్టన్ బృందం 1990లలో అలాంటివి ఒక్కొక్కటే వెతికి పట్టుకుంటే, దొరికిన జన్యువులు తిరిగి తిరిగి కిడ్నీ ఉప్పుని దాచుకునే పని దగ్గరికే చేరాయి.

మిగతా పూడికలో కొంత పుట్టకముందే పడుతుంది. కిడ్నీలో వడపోతగదులు నెఫ్రాన్లు. గర్భంలో తొమ్మిదో నెలకల్లా వాటి తయారీ ఆగిపోతుంది, ఆ తరవాత కొత్తది ఒక్కటీ పుట్టదు. 2003లో జర్మనీలో ప్రమాదాల్లో పోయినవాళ్ళ కిడ్నీల్లో వాటిని లెక్కపెట్టారు. బీపీ లేనివాళ్ళకి ఒక్కో కిడ్నీలో 14 లక్షల దాకా, ఉన్నవాళ్ళకి సుమారు 7 లక్షలు. సగం తూములతో పుట్టారన్నమాట. కడుపులో ఉండగా తిండి చాలక తక్కువ బరువుతో పుట్టే పిల్లలకి నెఫ్రాన్లు తక్కువ. 2019-21 జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలో మన దేశంలో నూటికి 18 మంది పిల్లలు రెండున్నర కిలోల లోపే పుడుతున్నారు. వీళ్ళ యాభయ్యో ఏట బీపీకి కారణం అడిగితే, వాళ్ళమ్మ ఆ తొమ్మిది నెలలూ ఏం తిన్నదో అడగాలి.

పొట్ట పెరిగితే ఆ కొవ్వు కిడ్నీని నొక్కుతుంది, నరాల్ని రెచ్చగొడుతుంది. గురక పెట్టి మధ్యమధ్య ఊపిరాగే నిద్ర, మద్యం, స్టిరాయిడ్లు, ఇవన్నీ తలా ఒక చేయి వేసేవే. అడ్రినల్ గ్రంథిలో కంతి వల్ల ఆల్డోస్టిరాన్ పొంగే జబ్బుని 1955లో జెరోమ్ కాన్ వర్ణించాడు. అరుదనుకున్నారు. వెతకడం మొదలుపెట్టాక, బీపీ ఉన్న ప్రతి పది ఇరవై మందిలో ఒకరికి దొరుకుతోంది. మందులకి లొంగని బీపీలో ముందు చూడాల్సింది ఇదే.

ముసలితనపు బీపీ ఒకటి మాత్రం కొంచెం వేరే దారి. పెద్దధమని రబ్బరులా సాగి, గుండె తోసిన కుదుపుని మింగాలి. ఏళ్ళ తరబడి సాగీ సాగీ రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు పైకొలత ఎగురుతుంది, కిందికొలత తగ్గుతుంది. యాభై దాటాక చాలామందిలో కనబడేది ఇది. పెరిగిన ఒత్తిడి ఆ రబ్బర్ని ఇంకా చెడగొడుతుంది, కిడ్నీలోని సన్ననాళాల్నీ చెడగొడుతుంది. చెడిన కిడ్నీ ఇంకాస్త ఒత్తిడి అడుగుతుంది. కొన్నాళ్ళకి ఏది ముందో ఏది వెనకో చెప్పలేం.

మా అత్త కిందికొలత తగ్గలేదు, 96. కాబట్టి వయసు మీదికి తోసేయడానికి లేదు. మండలకేంద్రంలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ టెన్షన్ల ఊసెత్తలేదు.

"మోకాళ్ళ నొప్పులున్నాయా మామ్మగారూ?"

"ఎందుకుండవమ్మా."

"దానికేం వాడుతున్నారు?"

అత్త నా వైపు చూసి, చేతిసంచీ అడుగున వెతికి, సగం అయిన మాత్రల అట్ట తీసింది. ఊళ్ళో మందులకొట్టువాడిచ్చాడట. పొద్దునొకటి, రాత్రొకటి. రెండేళ్ళుగా. నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లని ఆపేస్తాయి ఆ మాత్రలు. కిడ్నీకి నెత్తురు సరిగ్గా అందేలా, ఉప్పు వదిలేలా సాయం చేసేవీ ప్రోస్టాగ్లాండిన్లే.

అవి మానిపించి, పచ్చడి జాడీ అటక ఎక్కించాక, నెలన్నరకి 168 కాస్తా 148 అయింది. మిగతాదానికి చిన్న మాత్ర తప్పలేదు. ఆ చీటీ చదివి వినిపిస్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "మరి ఆ ప్రెసిడెంటుకి ఎందుకు లేదురా?"

"వాడి కిడ్నీలు మంచివత్తా."

"మనిషి మంచివాడు కాదుగా," అంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.